ఊరెక్కడుందిరా?

తమ్ముడు వాళ్లు డాలస్ శివార్లలో, ఫ్రిస్కోలో ఉంటారు. తెనాలి నుంచి మొదటిసారి వచ్చిన నాన్న మూడో రోజు పొద్దున్నే చెప్పులేసుకుని బయటికి వెళ్లారు. ముప్పావుగంట తర్వాత చెమటలు కక్కుతూ తిరిగొచ్చి, సోఫాలో కూలబడి తమ్ముణ్ని అడిగారట: "ఊరెక్కడుందిరా?"

ఆయన వెతికింది పాలు దొరికే కొట్టు కోసం. అది నిజంగానే దగ్గర. మేడ మీది కిటికీలోంచి చూస్తే బోర్డు కనిపిస్తుంది. మధ్యలో ఒక ఇటుక గోడ అడ్డం. గోడ దూకితే రెండు నిమిషాలు. దారిన పోవాలంటే మాత్రం, ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, కాలనీలోని వంకర వీధులన్నీ చుట్టి, మెయిన్ రోడ్డు మీదికొచ్చి, ఆరు లేన్ల ట్రాఫిక్ పక్కన నడిచి, సిగ్నల్ దగ్గర దాటి, ఆ తర్వాత క్రికెట్ గ్రౌండంత పార్కింగ్ లాట్‌ని ఎండలో దాటాలి. నాన్న సగం దారిలోనే వెనక్కి తిరిగారు. దారిలో ఇద్దరు మనుషులు ఎదురయ్యారట. ఒకరు కుక్కతో, ఒకరు పరుగెడుతూ. ఇద్దరూ ఎక్కడికీ వెళ్లడం లేదు.

ఆదివారం సాయంత్రం తమ్ముడు డాలస్ డౌన్‌టౌన్‌కి తీసుకెళ్లాడు. యాభై, అరవై, డెబ్బై అంతస్తుల మేడలు. నాన్న తలెత్తి చూశారు, తల దించి వీధి చూశారు. "ఏంట్రా, ఇవాళ బందా?" అన్నారు.

ఇంట్లో ఇప్పటికీ ఈ మాటకి నవ్వుకుంటాం గానీ, ప్రశ్న మాత్రం చాలా సరైనది. 2020 జనాభా లెక్కల్లోనే ఫ్రిస్కో రెండు లక్షలు దాటింది. 2011 లెక్కల్లో తెనాలి లక్షా అరవై అయిదు వేలు. అంటే కాగితం మీద ఫ్రిస్కోయే పెద్ద ఊరు. మేడల విషయానికొస్తే డాలస్ ముందు విజయవాడ కూడా నిలవదు. జనం ఉన్నారు, మేడలున్నాయి. మరి ఊరు ఏమైంది?

అమెరికా, కెనడా నగరాల గురించి వాదించుకునేవాళ్లు మూడు విషయాల్ని ఒకే గాటన కట్టేస్తుంటారు: ఎంత చిక్కగా జనం ఉన్నారు, కాలినడకన పనులు అవుతాయా, వీధిలో సందడి ఉందా. ఒకటుంటే మిగతా రెండూ వాటంతటవే వస్తాయనుకుంటారు. రావు. ఈ ఖండంలో మూడూ కలిసొచ్చిన చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ముందు చిక్కదనం సంగతి. ఒక చిన్న పొడుపు కథ: అమెరికాలో పెద్ద నగర ప్రాంతాలన్నిట్లోకీ జనసాంద్రత ఎక్కువ ఎక్కడ? అందరూ న్యూయార్క్ అంటారు. జనాభా లెక్కల ప్రకారం జవాబు లాస్ ఏంజెలెస్. శివార్లతో సహా మొత్తం పట్టణ ప్రాంతాన్ని తీసుకుంటే 2010లోనూ 2020లోనూ లాస్ ఏంజెలెస్‌దే పైచేయి. ఇది తప్పుడు లెక్క కాదు, సగటు ఆడే ఆట. పది ఎకరాల్లో వంద మంది ఉన్నారనుకోండి. ఎకరానికి పదిమంది. కానీ అందులో తొంభై మంది ఒకే ఎకరంలో, మిగతా పదిమంది తొమ్మిది ఎకరాల్లో ఉన్నారనుకుందాం. ఇప్పుడు ఆ వంద మందినీ ఒక్కొక్కరిగా "మీ ఎకరంలో ఎంతమంది ఉంటారు?" అని అడిగి సగటు కడితే 81 వస్తుంది. పది అన్నదీ నిజమే, 81 అన్నదీ నిజమే. మనిషికి తెలిసొచ్చేది మాత్రం రెండోదే. ఈ రెండో పద్ధతిలో అమెరికా సెన్సస్ వాళ్లే 2010 అంకెలు కట్టారు. న్యూయార్క్ మహానగర ప్రాంతంలో చదరపు మైలుకు 31 వేల పైచిలుకు వచ్చింది, లాస్ ఏంజెలెస్‌లో సుమారు 12 వేలు.

మజ్జిగతో పోలిస్తే సులువుగా ఉంటుంది. లాస్ ఏంజెలెస్ ఎక్కడ ముంచినా ఒకే చిక్కదనం ఉన్న మజ్జిగ. న్యూయార్క్ మధ్యలో మీగడ గడ్డకట్టి ఉంటుంది, న్యూజెర్సీ, కనెటికట్ అంచులకి పోయేసరికి నీళ్ల మజ్జిగ. మనం రుచి చూసేది మీగడ.

సరే, లాస్ ఏంజెలెస్‌లోనూ మీగడ ఉన్న చోటుకే వెళ్దాం. కొరియాటౌన్‌లో చదరపు మైలుకు 40 వేలకు పైగా జనం ఉంటారు, అంటే న్యూయార్క్‌లోని చాలా పేటలకి దీటు. రాత్రి రెండింటికి కూడా అక్కడ వేడివేడి సూప్ దొరుకుతుంది. తిండి విషయంలో నేను దానికి వంక పెట్టను. కానీ అక్కడ నడిచి చూడండి. విల్షైర్, వెర్మాంట్ లాంటి రోడ్లు వెడల్పు, కార్ల వేగం ఎక్కువ. చాలా హోటళ్లు చిన్న పార్కింగ్ లాట్ చుట్టూ కట్టిన రెండంతస్తుల కాంప్లెక్సుల్లో ఉంటాయి. ఫుట్‌పాత్‌కి తగిలేది తలుపు కాదు, కార్లు లోపలికెళ్లే దారి. జనం చిక్కగానే ఉన్నారు, వీధి మాత్రం వాళ్ల కోసం కట్టింది కాదు.

అంటే నడక వేరే లెక్క. నడవబుద్ధి అయ్యే వీధికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: వంద అడుగులు వేస్తే ఎన్ని తలుపులొస్తాయి? టొరంటోలో క్వీన్ స్ట్రీట్ వెస్ట్ మీద పాత కొట్లు ఇరవై అడుగుల వెడల్పు కూడా ఉండవు. వంద అడుగులు వేసేలోపు ఒక కాఫీ కొట్టు, బట్టల కొట్టు, కుట్టుపని షాపు, ఏదో బార్, మధ్యలో మేడ మీది ఇళ్లకు వెళ్లే ఇరుకు తలుపులు వచ్చేస్తాయి. అవతలి వైపు కొట్లని చూస్తూ నడుస్తుంటే కిలోమీటరు తెలియకుండానే అయిపోతుంది. హ్యూస్టన్ డౌన్‌టౌన్‌లో అవే వంద అడుగులకి ఒకే ఆఫీసు గోడ, ఒక గ్యారేజీ గేటు.

తలుపుల తర్వాత మలుపులు. పోర్ట్‌లాండ్‌లో బ్లాకు 200 అడుగులే, నిమిషం నడిస్తే కూడలి. సాల్ట్ లేక్ సిటీలో బ్లాకు 660 అడుగులు, రోడ్డు వెడల్పే 132 అడుగులు. పందొమ్మిదో శతాబ్దంలో గీసిన ఆ గీతల వల్ల ఇవాళ అక్కడ ఎదురుగా ఉన్న హోటల్‌కి వెళ్లాలన్నా ప్రయాణం పెట్టుకున్నట్టే ఉంటుంది. చిన్న బ్లాకులు, రకరకాల పనులు కలగలిసిన వీధులు, పాతవీ కొత్తవీ కలగలిసిన భవనాలు, తగినంత జనం, ఈ నాలుగూ ఉంటేనే వీధి బతుకుతుందని నగరాల మీద రాసిన రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లోనే తేల్చి చెప్పింది. ఆవిడ ప్లానింగ్ చదువుకున్న మనిషి కాదు. న్యూయార్క్‌లో తన పేట మీంచి రోడ్లు వేస్తామన్న పెద్దలతో పోరాడి, 1968లో టొరంటోకి వెళ్లిపోయి, అక్కడా స్పడైనా ఎక్స్‌ప్రెస్‌వేకి వ్యతిరేకంగా నిలబడింది. 1971లో ఆ రోడ్డు ఆగిపోయింది. క్వీన్ స్ట్రీట్ ఇవాళ అలా ఉండటానికి ఇదీ ఒక కారణం.

తలుపులు ఎందుకు మాయమయ్యాయి అంటే చాలామంది కార్లని తిడతారు. నేనైతే ముందు పార్కింగ్ రూల్‌ని తిడతాను. చాలా అమెరికా ఊళ్లలో షాపు కట్టాలంటే ప్రతి వెయ్యి చదరపు అడుగులకి నాలుగు కార్లకి చోటు చూపించాలని చట్టం ఉండేది, చాలా చోట్ల ఇంకా ఉంది. హోటల్ అయితే కొన్ని ఊళ్లలో పది కార్లకి. లోపలికి, బయటికి తిరిగే దారితో కలిపితే కారుకి సుమారు 300 చదరపు అడుగులు పడుతుంది. గుణించి చూడండి: వెయ్యి అడుగుల షాపుకి 1,200 అడుగుల పార్కింగ్, వెయ్యి అడుగుల హోటల్‌కి 3,000. ఇడ్లీ, దోసె అమ్మేవాడు తన హోటల్‌కి మూడింతల నేల కార్ల కోసం కొనాలి. ఇక కొట్టు పక్కన కొట్టు ఎలా వస్తుంది? క్వీన్ స్ట్రీట్ లాంటి వీధిని ఇలాంటి ఊళ్లో కొత్తగా కట్టబోతే అది చట్టవిరుద్ధం.

దీనికి తోడు జోనింగ్. ఇళ్ల దగ్గర ఇళ్లే, కొట్ల దగ్గర కొట్లే ఉండాలని ఊళ్లు గీతలు గీయొచ్చని 1926లో, ఒహాయోలోని యూక్లిడ్ అనే శివారు ఊరి కేసులో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అక్కణ్నుంచి ఇంటి కింద కిరాణా కొట్టు అనే మామూలు విషయం దేశంలో చాలా చోట్ల నేరమైంది. జోనింగే లేని పెద్ద నగరం హ్యూస్టన్. మరి అక్కడైనా కొట్లూ ఇళ్లూ కలిసిపోయి కళకళలాడాలి కదా? జోనింగ్ లేదు గానీ పార్కింగ్ లెక్కలున్నాయి, పెద్ద రోడ్ల మీద భవనం 25 అడుగులు వెనక్కి ఉండాలన్న నిబంధన ఉంది. దొడ్డిదారిన అదే ఊరు తయారైంది. ఈ మధ్య గాలి మారుతోంది. మెక్సికో సిటీ 2017లో, టొరంటో 2021లో, ఆస్టిన్ 2023లో ఇంత పార్కింగ్ కట్టి తీరాలన్న నిబంధనల్ని దాదాపుగా ఎత్తేశాయి. కట్టేసిన కాంక్రీటు అంత తొందరగా పోదు.

ఎండలు అడ్డమని డాలస్ మిత్రులు అంటారు. నలభై డిగ్రీల్లో ఎవరు నడుస్తారని. మరి మైనస్ ఇరవైలో మాంట్రియల్‌లో నడుస్తున్నారుగా? ఇక్కడో తమాషా ఉంది. మాంట్రియల్ కింద ముప్పై కిలోమీటర్లకు పైగా భూగర్భ దారులున్నాయి. డాలస్ కిందా సొరంగాలున్నాయి. రెండిటి వెనకా ఉన్న ప్లానర్ ఒకడే, విన్సెంట్ పాంటే. మాంట్రియల్‌లో ఆ దారులు మెట్రో స్టేషన్లని కలుపుతాయి, పైన వీధుల్లో పుష్కలంగా ఇళ్లున్నాయి కాబట్టి కింద ఎంతమంది నడిచినా పైన వీధి చావలేదు. డాలస్ డౌన్‌టౌన్‌లో అప్పటికి కాపురాలు నామమాత్రం. మధ్యాహ్నం భోజనానికి దిగే ఆఫీసు జనమే వీధికి ఆధారం, వాళ్లు కాస్తా నేల కిందికి పోయారు. మందు ఒకటే, రోగులు వేరు. డాలస్‌కి న్యాయంగా ఒక మాట చెప్పాలి: 2012లో ఫ్రీవే మీద పైకప్పు వేసి కట్టిన క్లైడ్ వారెన్ పార్క్‌లో సాయంత్రం పిల్లలు, ఫుడ్ ట్రక్కులు, మనుషులు కనిపిస్తారు. చుట్టూ రెండు ఫర్లాంగులు దాటితే మళ్లీ మామూలే.

మాంట్రియల్ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మన బుర్రల్లో ఉన్న మేడలంటే సిటీ అన్న లెక్కని అది పూర్తిగా తలకిందులు చేస్తుంది. ప్లాటో పేటలో ఎక్కువ ఇళ్లు రెండు, మూడు అంతస్తులే. అయినా చదరపు కిలోమీటరుకు 12 వేలకు పైగా జనం. రహస్యం ఇనుప మెట్లలో ఉంది. పై వాటాలకి మెట్లు ఇంటి లోపలి నుంచి కాక, ముందునుంచి, వీధిలోకి వంపు తిరిగి దిగుతాయి. మూడంతస్తుల ఇంటికి మూడు నుంచి ఆరు తలుపులు, ప్రతి తలుపూ నేరుగా వీధి మీదికే. లిఫ్టు లేదు, లాబీ లేదు, వాచ్‌మన్ లేడు. ఎవరు బయటికొచ్చినా వీధిలోకి రావాల్సిందే. జూన్ సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లని చూస్తే మన పాత ఇళ్ల అరుగులు గుర్తొస్తాయి. వేసవిలో మోం రాయల్ అవెన్యూని కిలోమీటర్ల కొద్దీ కార్లకి మూసేస్తారు, రోడ్డు నడిమధ్య కుర్చీలు వెలుస్తాయి. మంచు కాలంలో అవే మెట్లు ఎక్కడం ప్రాణాంతకం, అది వేరే సంగతి.

వాంకూవర్‌ది దీనికి ఎదురు కథ. లెక్క ప్రకారం అన్నీ సరిగ్గా చేసిన ఊరు. 1960ల చివర్లో చైనాటౌన్, స్ట్రాత్‌కోనా పేటల మీంచి ఫ్రీవే వేస్తామంటే జనం తిరగబడి ఆపారు, అందుకే ఊరి నడిబొడ్డులోకి ఫ్రీవే రాలేదు. సన్నటి గాజు టవర్లు, వాటి పాదాల దగ్గర తలుపులున్న చిన్న ఇళ్లు, డ్రైవర్ లేని స్కైట్రెయిన్, సముద్రం పక్కన నడక దారి. నడకకి నూటికి తొంభై మార్కులు వేయొచ్చు. కానీ రాత్రి తొమ్మిదిన్నరకి యేల్‌టౌన్ వీధుల్లో నడుస్తుంటే అడుగుల చప్పుడు వినిపిస్తుంది. ఆ ఊరివాళ్లే దానికి 'నో ఫన్ సిటీ' అని పేరు పెట్టుకున్నారు. కారణం ఒకటి కాదు గానీ, నాకు తోచింది ఇది: అంతా కొత్త కట్టడం. కొత్త భవనంలో అద్దె కట్టగలిగేది బ్యాంకు, మందుల షాపు, పేరున్న కాఫీ కొట్టు. చిల్లర వ్యాపారం చేసేవాడికి, రాత్రి పన్నెండు దాకా పాటలు పెట్టేవాడికి పాత, చవక గది కావాలి. జేకబ్స్ పాత భవనాలు ఉండాలని పట్టుబట్టింది అందుకే.

సందడి అన్నిటికంటే చిత్రమైనది, కట్టడం మీద మాత్రమే ఆధారపడదు. షికాగో చూడండి. ఊరంతా ఒకే గడుల కొలత, ఒకే రకం వీధులు, ఒకే 'ఎల్', అంటే స్తంభాల మీద నడిచే లోకల్ రైలు. ఉత్తరాన లేక్‌వ్యూ, లింకన్ పార్క్ కిటకిట. మన చీరల కొట్లు, మిఠాయి కొట్లు ఉన్న డెవాన్ అవెన్యూ కూడా ఆ వైపే. దక్షిణాన ఎంగిల్‌వుడ్‌లో 1960లో 97 వేలకు పైగా జనం ఉండేవారు, 2020 నాటికి 24 వేలు. వీధి మారలేదు, మనుషులు పోయారు. నల్లవాళ్ల పేటలకి అప్పులివ్వకుండా బ్యాంకులు గీసిన ఎర్రగీతలు, శివార్లకి తెల్లవాళ్లని పంపిన ప్రభుత్వ గృహ రుణాల హామీలు, మూతపడ్డ ఫ్యాక్టరీలు, ఇవన్నీ కలిసి తిన్నాయి ఆ వీధిని. డెట్రాయిట్, సెయింట్ లూయిస్‌లదీ ఇదే గోడు, ఇంకా ఘోరంగా. నడక బాగుండే వీధిని ఇంజినీర్లు గీయగలరు. పక్కింటివాళ్లని గీయలేరు.

ఇక మెక్సికో సిటీ. ఉత్తర అమెరికా నగరాలంటే మనకి ఎందుకో అది గుర్తుకే రాదు. ఖండంలో న్యూయార్క్‌కి దీటైన మహానగరం అదొక్కటే, ఊళ్లోనే 92 లక్షల మంది. మెట్రో 1969లో మొదలైంది, 195 స్టేషన్లు, ఎంత దూరమైనా టికెట్ 5 పెసోలు. ఒక పేటలో ఇవాళ, ఇంకో పేటలో రేపు, వీధికి అడ్డంగా గుడారాలేసి 'తియాంగిస్' పెడతారు. అచ్చంగా మన వారపు సంత. చీకటి పడ్డాక దూరం నుంచి రైలు కూతలా ఒక ఈల వినిపిస్తుంది. బండి మీద చిలగడదుంపలు కాల్చి అమ్మేవాడు పొయ్యి ఆవిరితో ఊదే ఈల అది. ఆ ఈలకి మేడల మీంచి జనం దిగొస్తారు. ఫుట్‌పాత్‌లు మాత్రం హైదరాబాద్‌కి ఏమీ తీసిపోవు: పగిలిన రాళ్లు, చెట్ల వేర్లు, బండ్లు. అంచుల్లో ఉండేవాళ్లు పనికి చేరడానికి గంటలు పడుతుంది. నడక మార్కులు వేసేవాడు అక్కడ తక్కువే వేస్తాడు. సందడికి మాత్రం ఖండంలో నంబర్ వన్ అదేనంటాను, న్యూయార్క్ వాళ్లు ఏమనుకున్నా సరే. లాస్ ఏంజెలెస్‌లో బతికున్న వీధులు కూడా చాలావరకు అక్కణ్నుంచి వచ్చినవాళ్ల టాకో బండ్ల పుణ్యమే.

మిగతా ఊళ్ల సంగతి గబగబా చెప్పేస్తాను. ఫిలడెల్ఫియాకి రావాల్సినంత పేరు రాలేదు, దక్షిణ పేటల్లోని ఇరుకు సందులు కార్లకి నచ్చవు, అదే వాటి అందం. బోస్టన్ నడకకి భేష్, పెందలాడే పడుకుంటుంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1989 భూకంపానికి దెబ్బతిన్న ఎంబార్కడేరో ఫ్రీవేని కూలగొట్టాక సముద్రపు ఒడ్డు ఊరికి తిరిగొచ్చింది. అట్లాంటాలో పాత రైలు పట్టాల దారిలో వేసిన బెల్ట్‌లైన్ అనే నడక బాట మీద జనం బాగానే నడుస్తారు, చాలామంది అక్కడికి కారులో వస్తారు.

శివారు రోడ్ల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఇటు వేగంగా పోయే రోడ్డూ కాక, అటు కొట్లున్న వీధీ కాక మధ్యరకంగా ఉండే ఆరు లేన్ల దారికి చార్లెస్ మరోన్ అనే ఇంజినీర్ 'స్ట్రోడ్' అని పేరు పెట్టాడు, స్ట్రీట్‌నీ రోడ్‌నీ అతికించి. అమెరికాలో 2009లో నడుస్తూ చనిపోయినవాళ్లు సుమారు 4,100 మంది. 2022లో 7,500 దాటారు. ఎక్కువమంది పోయేది ఇలాంటి రోడ్ల మీదే. కార్లు పెద్దవయ్యాయన్నది నిజమే. కానీ సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య అర మైలు ఉంటే బస్సు దిగినవాడు ఎక్కడ దాటతాడు? నాన్న ఆ రోజు వెనక్కి తిరగడం మంచిదే అయింది.

ఏ సిటీకి మారమంటారు అని ఉద్యోగం వచ్చిన పిల్లలు అడుగుతుంటారు. సిటీ పేరు చెబితే జవాబు చెప్పలేను. టొరంటో అంటే క్వీన్ స్ట్రీటా, స్కార్‌బరోలో పదిహేను అంతస్తుల టవర్ల మధ్య ఆరు లేన్ల రోడ్డా? న్యూయార్క్ అంటే జాక్సన్ హైట్స్‌లో 7 నంబర్ రైలు కిందుండే రూజ్‌వెల్ట్ అవెన్యూనా, స్టేటన్ ఐలండ్ చివర ఇంకో ఫ్రిస్కోనా? తెలుగువాళ్ల సరుకులు దొరికే చోట్లే తీసుకోండి. డాలస్ పక్కన అర్వింగ్‌లో కంది పప్పు, గోంగూర, ఆవకాయ అన్నీ దొరుకుతాయి, ఒక్కో కొట్టుకీ కారు తీసి, పెట్టి, మళ్లీ తీయాలి. జెర్సీ సిటీలో నూర్క్ అవెన్యూ మీద అవే సరుకులు, కొట్టు పక్కన కొట్టు, పైన కాపురాలు, నడిచిపోయేంత దూరంలో జర్నల్ స్క్వేర్, అక్కణ్నుంచి రాత్రంతా మన్‌హాటన్‌కి పాత్ రైలు.

నేనుండేది ఆ నూర్క్ అవెన్యూకి నాలుగు వీధుల అవతల. ఫ్రిస్కోలో నెల ఉండి నాన్న మా దగ్గరికి వచ్చారు. ఇల్లు చూసి మొహం మాడ్చుకున్నారు. తమ్ముడిది అయిదు బెడ్‌రూమ్‌లు, నాది రెండు గదులు, కింద లాండ్రీ, పక్కింటివాళ్ల టీవీ చప్పుడు గోడలోంచి. మర్నాడు పొద్దున కరివేపాకు తెస్తానని వెళ్లిన మనిషి గంటన్నర అయినా రాలేదు. ఫోన్ ఇంట్లోనే వదిలేశారు. టెన్షన్ పడి నేను దిగేసరికి, టీ కొట్టు బయట నిలబడి, గుజరాతీ పెద్దాయన ఒకాయనతో చేతులూపుతూ హిందీలో ఏదో వాదిస్తున్నారు. నాన్నకి వచ్చిన హిందీ నాలుగు ముక్కలు. నన్ను చూసి, "నువ్వు పోరా, నేనొస్తాలే" అన్నారు.

కరివేపాకు మర్చిపోయి వచ్చారు.